బలం ఏ రింగు మీద పడాలి: ఇంట్లో వీల్ బేరింగ్ మార్చుకునేవారి కోసం

కారు వీల్ బేరింగ్‌ను సొంతంగా మార్చుకోవాలనుకునేవారు సాధారణంగా భయపడేది తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టులకు. ఆ భయం అకారణమని అనను. పనిలో సగానికి పైగా సమయాన్ని మింగేవి అవే. అయినా ఓపిక, తుప్పును వదిలించే నూనె, పొడవైన రాడ్డు ఉంటే అవి ఎప్పటికైనా లొంగుతాయి. అసలు చిక్కు మరొకచోట ఉంది. పాత బేరింగ్ బయటికి వచ్చి, కొత్తది లోపలికి వెళ్ళి, అన్నీ బిగిసి, బండి హాయిగా కదిలిన కొన్నాళ్ళకే అదే చక్రం నుంచి అదే హోరు మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు నాసిరకం బేరింగ్ దొరికిందని అనుకోవడం పరిపాటి. నాసిరకం బేరింగులు లేకపోలేదు గాని, ఇంట్లో చేసిన మార్పులు ఇలా బెడిసికొట్టినప్పుడు నేను ముందుగా అనుమానించేది బేరింగ్‌ను లోపలికి నొక్కిన ఆ కొద్ది నిమిషాలనే. బేరింగ్ అంటే లోపలొక రింగు, బయటొక రింగు, వాటి మధ్య తిరిగే గుండ్లు. నొక్కే బలం వెళ్ళవలసిన రింగు మీదుగా వెళ్ళిందా, లేక ఒక రింగు నుంచి గుండ్ల మీదుగా రెండో రింగుకు దూకిందా అన్నదాని మీదే ఆ బేరింగ్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో మిగతా విషయాలన్నీ చెబుతాను గాని, ఈ ఒక్కదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా మన బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలి, ఎందుకంటే పని స్వరూపమే దాన్నిబట్టి మారిపోతుంది. పాత బండ్లలోనూ, కొన్ని బండ్ల వెనుక చక్రాల్లోనూ, ట్రైలర్లలోనూ కనిపించేవి ఏటవాలు రోలర్ల బేరింగులు. ఇవి లోపలొకటి, బయటొకటి జంటగా ఉంటాయి, గ్రీజు మనమే పెట్టాలి, బిగింపు మనమే సరిచూసుకోవాలి. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో రెండు వరుసల గుండ్లతో, రెండువైపులా సీలుతో, గ్రీజు లోపలే నింపి వచ్చే బేరింగ్ ఉంటుంది. అది నకిల్ అనే పోత భాగంలోని రంధ్రంలోకి బిగుతుగా నొక్కి, గాడిలో విచ్చుకుని కూర్చునే సర్‌క్లిప్‌తో ఆపి ఉంటుంది, దాని మధ్యలోకి చక్రం బిగించే హబ్ మళ్ళీ బిగుతుగా నొక్కి ఉంటుంది. మూడో రకంలో హబ్, బేరింగ్ కలిసి ఒకే భాగంగా వస్తాయి. వెనుక నుంచి మూడో నాలుగో బోల్టులు తీస్తే మొత్తం ఊడి వస్తుంది. ఈ మూడో రకం ఉన్నవారు అదృష్టవంతులు. నొక్కే పనంతా ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది కనుక మొదటి పేరాలో నేను చెప్పిన ప్రమాదం వారికి దాదాపుగా లేదు.

ఇక రోగనిర్ధారణ. అరిగిన బేరింగ్ ఇచ్చే హోరు వేగంతో పాటు పెరుగుతుంది, ఇంజన్ వేగంతో దానికి సంబంధం ఉండదు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దొర్లనిచ్చినా ఆ మోత అలాగే ఉంటుంది. టైర్ల చప్పుడు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. రోడ్డు ఉపరితలం మారినప్పుడు చప్పుడు స్వభావం స్పష్టంగా మారితే టైరును అనుమానించాలి. ముందు చక్రాలను వెనక్కీ వెనుక చక్రాలను ముందుకీ మార్చినప్పుడు మోత కూడా చోటు మారితే టైరేనని తేలిపోతుంది. బేరింగ్ విషయంలో బరువు ఎటు వాలితే చప్పుడు అటు పెరుగుతుంది. నిర్మానుష్యమైన విశాల మార్గంలో మధ్యస్థ వేగంతో వెళ్తూ స్టీరింగ్‌ను నెమ్మదిగా ఎడమకు తిప్పితే బరువు కుడివైపు చక్రాల మీదికి వెళ్తుంది; అప్పుడు హోరు పెరిగి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే కుడివైపు బేరింగ్‌నే అనుమానించాలి. ఇది మంచి సూచనే తప్ప తీర్పు కాదు, ఎందుకంటే రెండు వరుసల బేరింగ్‌లో ఏ వరుస దెబ్బతిన్నదన్నదాన్నిబట్టి ఫలితం తారుమారు కావచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు టకటకమని కొట్టుకునే శబ్దం వస్తే అది చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్ సంగతి; దాని కోసం బేరింగ్ మార్చి ప్రయోజనం లేదు.

తీర్పు బండిని జాకీ మీద ఎత్తాకే వస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపినప్పుడు టకటకలాడితే బేరింగ్ కావచ్చు, నకిల్‌ను సస్పెన్షన్‌కు కలిపే కింది బాల్ జాయింట్ కావచ్చు. ఈ రెంటినీ వేరుచేయడానికి నాకు నచ్చిన పద్ధతి, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించి మళ్ళీ ఊపడం. బ్రేకు తొక్కినప్పుడు హబ్, నకిల్ ఒకటిగా పట్టుకుపోతాయి కనుక బేరింగ్‌లోని వదులు మాయమవుతుంది. అయినా ఊగుతూనే ఉంటే తప్పు బాల్ జాయింట్‌ది లేదా సస్పెన్షన్‌ది. ఎడమ కుడి అంచులు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే వదులు కనిపిస్తే స్టీరింగ్‌ను నకిల్‌కు కలిపే టై రాడ్ చివర చూడాలి. వదులు ఏమాత్రం లేకపోయినా బేరింగ్ పాడై ఉండవచ్చన్నది గుర్తుంచుకోవలసిన విషయం. నేటి సీలు బేరింగులు చాలావరకు ముందు మోత మొదలుపెట్టి, ఎంతో ముదిరాక గాని వదులవవు. అందుకని ఒక చేతిని సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఉంచి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పి చూడాలి. చెవికి అందని గరగర వేళ్ళకు స్ప్రింగ్ ద్వారా స్పష్టంగా తెలుస్తుంది, పక్క చక్రంతో పోల్చి చూస్తే ఇక సందేహం మిగలదు.

భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను, క్లుప్తంగా చెప్పినంత మాత్రాన చిన్న విషయమని కాదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. బండి బరువు స్టాండ్ల మీద ఉండాలి, నేలను తాకి ఉన్న చక్రాలకు అడ్డుకట్టలు ఉండాలి, నేల గట్టిగా, సమంగా ఉండాలి. ఈ పనిలో పొడవాటి రాడ్డుతో బలంగా లాగడం, సుత్తితో కొట్టడం తప్పవు కనుక బండి కదలడానికి అవకాశం టైరు మార్చే పనికంటే చాలా ఎక్కువ. గట్టిపరచిన ఉక్కు మీద సుత్తి పడినప్పుడు పెళ్ళలు ఎగురుతాయి. రక్షణ కళ్ళద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

మొదట వదులు చేయవలసింది డ్రైవ్ షాఫ్ట్ చివరి పెద్ద నట్టు. చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి, ఆ నట్టుకున్న నొక్కును లేదా పిన్నును ముందే తీసేసి, పొడవాటి రాడ్డుతో దాని పట్టు వదిలించాలి. తీసిపారేయబోయే బేరింగ్‌కు దీనివల్ల నష్టమేమీ లేదు గాని, నట్టు వదులైన బండిని అంగుళం కూడా దొర్లించకూడదు. తరువాత బండిని ఎత్తి, చక్రం తీసి, బ్రేకు క్యాలిపర్‌ను విప్పి తీగతో స్ప్రింగ్‌కు కట్టాలి. బ్రేకు గొట్టం మీద వేలాడదీస్తే లోపలి పొర చిట్లినా పైకి కనిపించదు. చక్రం వేగాన్ని చదివే ఏబీఎస్ సెన్సర్‌ను నకిల్ నుంచి తీసే ప్రయత్నంలో అది తుప్పువల్ల విరిగిపోవడం సర్వసాధారణం కాబట్టి వీలున్నచోట దాన్ని అలాగే వదిలేసి, వైరును పైనున్న కనెక్టర్ దగ్గర విడదీయడం తెలివైన పని. టై రాడ్, బాల్ జాయింట్ వదిలించడానికి రెండు కొమ్ముల చీలికను లోపలికి కొట్టేవారున్నారు, అది రబ్బరు బూటును చింపుతుంది. నట్టును చివరి వరకు తీయకుండా కొన్ని చుట్లు ఉంచి, ఆ జాయింట్‌ను పట్టుకున్న నకిల్ చెవి పక్కభాగం మీద సుత్తితో ఒకటి రెండు గట్టి దెబ్బలు వేస్తే ఏటవాలు పట్టు తనంతట తానే వదులుతుంది. స్ప్రింగ్‌ను మోసే స్ట్రట్‌ను నకిల్‌కు కలిపే బోల్టులు తీసేముందు వాటి స్థానాన్ని గీతతో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే చక్రం నిలువు కోణం మారిపోతుంది. డ్రైవ్ షాఫ్ట్‌ను బయటికి నెట్టేటప్పుడు సుత్తిని నేరుగా దాని థ్రెడ్ మీద వేయకుండా నట్టును చివరన ఉంచి, మధ్యలో చెక్కముక్క పెట్టి తట్టాలి.

నకిల్ చేతికి వచ్చాక హబ్‌ను బయటికి తీయాలి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా ఉండాలి. నకిల్ నుంచి హబ్‌ను లాగినా, నెట్టినా ఆ బలం లోపలి రింగు నుంచి గుండ్ల మీదుగా బయటి రింగుకు వెళ్ళక తప్పదు, వేరే దారి లేదు. కాబట్టి హబ్ ఊడిందంటే ఆ బేరింగ్ పని అయిపోయినట్టే, అది అంతకుముందు ఎంత చక్కగా ఉన్నా సరే. హబ్ వంగిందని, చక్రం బోల్టు విరిగిందని హబ్ తీసి, బేరింగ్ మాత్రం బాగానే ఉంది కదా అని తిరిగి వాడుకోవడం ఆదా అనిపించుకోదు.

హబ్ బయటికి వచ్చినప్పుడు బేరింగ్ లోపలి రింగులో ఒక సగం దానితోపాటే అంటుకుని రావడం మామూలే. పుల్లర్ పట్టు దొరికితే సరే. దొరకకపోతే గ్రైండర్‌తో ఆ రింగును ఏటవాలుగా, మందంలో ముప్పాతిక భాగం వరకు మాత్రమే కోసి, ఆ గాటులో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గట్టిపరచిన ఉక్కు కనుక పెళుసుగా చిట్లిపోతుంది. పూర్తిగా కోసేయాలన్న తొందరలో హబ్ మీద గాటు పడిందంటే, ఆ గాటు అంచు లేచి కొత్త రింగును వంకరగా కూర్చోబెడుతుంది. నకిల్‌లో మిగిలిన బయటి రింగును సర్‌క్లిప్ తీశాక ప్రెస్‌తో గాని, పొడవాటి బోల్టు, రెండు కప్పులు ఉండే బిగింపు సాధనంతో గాని నెట్టేయవచ్చు. సర్‌క్లిప్ తీయకుండానే నొక్కడం మొదలుపెట్టి, ఎంతకీ కదలడం లేదని బలం పెంచుకుంటూ పోయేవారి కథలు ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసినవే. కొన్ని బండ్లలో రెండువైపులా సర్‌క్లిప్పులు ఉంటాయి. గ్రీజు, మట్టి తుడిచి చూస్తేగాని రెండోది కనబడదు.

కొత్తది పెట్టేముందు రంధ్రాన్ని శుభ్రం చేయడం నేను అన్నిటికంటే నిదానంగా చేసే పని. తుప్పును సన్నని గరుకు కాగితంతో చేత్తోనే తీయాలి. తిరిగే బ్రష్షులూ డ్రిల్లుకు తగిలించే రాళ్ళూ లోహాన్ని కూడా తినేస్తాయి. రంధ్రం ఒక్క పిసరు పెద్దదైతే బయటి రింగు అందులో మెల్లగా తిరుగుతూ పోతుంది, దానికి ఇక మందు లేదు, నకిల్ మార్చవలసిందే. హబ్ గొట్టం మీద పాత రింగు తిరిగిన నీలిరంగు మచ్చలు, గీతలు ఉంటే హబ్‌ను కూడా మార్చాలి. డయల్ గేజ్ ఉన్నవారు పని పూర్తయ్యాక హబ్ ముఖం ఎంత ఊగుతుందో చూసుకోవచ్చు. చాలామంది తయారీదారులు ఇచ్చే హద్దు 0.05 మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది, దానికి మించితే కొన్నాళ్ళకు బ్రేకు తొక్కినప్పుడు పెడల్ వణుకుతుంది, తప్పు డిస్కు మీద పడుతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. బేరింగ్‌ను నకిల్‌లోకి నొక్కేటప్పుడు బిగుతు ఉండేది బయటి రింగుకు, కాబట్టి నొక్కే కప్పు బయటి రింగు అంచు మీద మాత్రమే ఆనాలి. లోపలి రింగునూ సీలునూ అది తాకనే కూడదు. బేరింగ్ లోపలికి వెళ్ళి సర్‌క్లిప్ పడ్డాక, హబ్‌ను బేరింగ్‌లోకి నొక్కేటప్పుడు బిగుతు ఉండేది లోపలి రింగుకు. కాబట్టి ఈసారి అవతలివైపున లోపలి రింగు కింద సరిగ్గా దాని కొలతకు సరిపోయే గొట్టాన్ని ఆధారంగా పెట్టాలి, నకిల్ గాలిలో తేలుతున్నట్టుగా ఉండాలి. అందరూ పప్పులో కాలేసేది ఈ రెండో దశలోనే. నకిల్‌ను ప్రెస్ బల్ల మీద పెట్టడం సహజంగా అనిపిస్తుంది, స్థిరంగా కూడా ఉంటుంది. పైనుంచి హబ్‌ను నొక్కితే చక్కగా దిగిపోతుంది కూడా. కానీ అలా నొక్కినప్పుడు హబ్ లోపలి రింగును తోస్తుంది, లోపలి రింగు గుండ్లను, గుండ్లు బయటి రింగును, అది నకిల్‌ను, నకిల్ బల్లను తోస్తాయి. టన్నుల్లో ఉండే ఆ బలమంతా గుండ్లకూ రింగులకూ మధ్యనున్న సూదిమొనంత చోట్ల గుండా ప్రవహిస్తుంది.

దానివల్ల జరిగేది ఎంత సూక్ష్మమో చెబితే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. బేరింగులు కదలకుండా ఉన్నప్పుడు ఎంత భారం తట్టుకోగలవన్నది లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం, గుండు వ్యాసంలో సుమారు పదివేలో వంతు శాశ్వతమైన నొక్కు పడటాన్ని హద్దుగా తీసుకుంటుంది. 12 మిల్లీమీటర్ల గుండుకు అది ఒక మైక్రాన్ పైచిలుకు మాత్రమే. అంత లోతు కంటికి కనిపించదు, చేతితో తిప్పితే తెలియదు. దానికి కొన్ని రెట్లు లోతుగా పడిన నొక్కు కూడా బల్ల మీద ఉండగా మనకు దొరకకపోవచ్చు. కానీ చక్రం నిమిషానికి వందల చుట్లు తిరిగేటప్పుడు ప్రతి గుండూ ఆ గుంటలోకి దిగి లేస్తుంది, గుంట అంచు పగుళ్ళు వేస్తుంది, ఆ పగుళ్ళ నుంచి లోహం పెచ్చులుగా ఊడుతుంది. అందుకే నొక్కిన రోజున నిశ్శబ్దంగా ఉన్నది కొన్నాళ్ళకు మోగడం మొదలుపెడుతుంది. సుత్తితో కొట్టి దించడం ఇంకా చెడ్డది, ఎందుకంటే సుత్తి దెబ్బ ఎప్పుడూ ఒక పక్కనే పడుతుంది, వంకరపోయిన రింగును సరిచేయడానికి రెండో పక్క కొడతాం, ఈ దెబ్బలాటలో రెండు పక్కలా నొక్కులు పడతాయి.

ప్రెస్ లేనివారికి బోల్టు సాధనం మంచి ప్రత్యామ్నాయమే. దాని కప్పులను బేరింగ్ రింగులతో ముందే పోల్చి చూసుకుని, ఏది దేనికన్నది నేల మీద వరుసగా పేర్చుకోవడం నా అలవాటు. చేతులు గ్రీజుతో ఉన్నప్పుడు ఎంచుకుంటే పొరపాటు జరుగుతుంది. బోల్టు థ్రెడ్‌కు గ్రీజు దండిగా రాసి, చేతి పానాతోనే బిగించాలి. గాలి తుపాకీ వంటి కుదుపు సాధనాలు వాడితే రింగు వంకరపోతున్నా చేతికి తెలియదు, పైగా ఆ సాధనపు థ్రెడ్ కూడా దెబ్బతింటుంది. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లలో రింగు నిటారుగా వెళ్తోందో లేదో చుట్టూ చూసుకోవాలి. వంకరగా మొదలైతే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాలే తప్ప బలంతో సరిచేయకూడదు. బేరింగ్ అడుగుకు ఆనగానే పానాకు తగిలే బరువు ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడ ఆగాలి. సర్‌క్లిప్ తన గాడిలో పూర్తిగా విచ్చుకోకపోతే బేరింగ్ ఇంకా అడుగుకు ఆనలేదని అర్థం.

వేడి, చలి చేసే సాయాన్ని కొందరు చిట్కా అని కొట్టిపారేస్తారు. లెక్క చూస్తే అలా అనిపించదు. 72 మిల్లీమీటర్ల రంధ్రమున్న అల్యూమినియం నకిల్‌ను 80 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిస్తే రంధ్రం సుమారు 0.13 మిల్లీమీటరు పెరుగుతుంది; ఇనుప నకిల్ అయితే అందులో సుమారు సగం. బేరింగ్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే దాని బయటి వ్యాసం సుమారు 0.04 మిల్లీమీటరు తగ్గుతుంది. ఇటువంటి బిగింపుల్లో ఉండే తేడా మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే కాబట్టి ఈ రెండూ కలిస్తే బేరింగ్ దాదాపు చేతి బలంతోనే దిగిపోయే అవకాశం ఉంది, దిగకపోయినా కావలసిన బలం బాగా తగ్గుతుంది. వేడి నకిల్‌కే ఇవ్వాలి, వేడిగాలి తుపాకీతో, సమంగా, ఏబీఎస్ సెన్సర్‌నూ రబ్బరు బూట్లనూ తప్పించి ఇవ్వాలి. బేరింగ్‌కు మంట చూపించడమంటే దాని సీలునూ గ్రీజునూ కాల్చేయడమే. ఫ్రీజర్ నుంచి తీసిన బేరింగ్ మీద గాలిలోని తేమ వెంటనే పేరుకుంటుంది కనుక గాలి చొరని సంచిలో ఉంచి, నొక్కే క్షణంలోనే తీయాలి.

సీలు బేరింగ్ ఏ ముఖం ఎటు ఉండాలన్నది నేటి కార్లలో ముఖ్యమైన ప్రశ్న. చాలావాటిలో ఒకవైపు సీలులోనే ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంత వలయం ఉంటుంది. ఆ వైపు నల్లగా లేదా గోధుమరంగులో నున్నగా కనిపిస్తుంది, రెండోవైపు మామూలు సీలే. వలయం సెన్సర్ ఉన్న వైపుకే రావాలి, సాధారణంగా అది ఇంజన్ వైపు. సందేహముంటే ఒక కాగితపు క్లిప్పును తేలిగ్గా తాకించి చూస్తే వలయమున్న వైపు కొంచెం అంటుకుంటుంది. దాని దగ్గరికి బలమైన అయస్కాంతాన్ని తేవద్దు, అయస్కాంత పళ్ళెంలో బేరింగ్‌ను పెట్టవద్దు. వలయంలోని ధ్రువాల అమరిక చెదిరితే చక్రం బాగానే తిరుగుతుంది గాని ఏబీఎస్ దీపం వెలిగే ఉంటుంది. తిరగేసి నొక్కినా ఇదే ఫలితం, సరిచేయాలంటే మళ్ళీ కొత్త బేరింగ్ కావాలి.

బోల్టులతో బిగించే హబ్ రకంలో కష్టమంతా తీయడంలోనే ఉంటుంది. బోల్టులన్నీ తీసినా హబ్ నకిల్‌కు తుప్పుతో అతుక్కుని కదలదు. నూనె పట్టించి కొంతసేపు వదిలేసి, హబ్ అంచు మీద చుట్టూ మార్చి మార్చి కొట్టడం, లేదా జారుడు సుత్తితో లాగడం పద్ధతి. ఎలాగూ పారేసేదే కనుక దీని మీద కనికరం అవసరం లేదు. అది ఆనే ముఖాన్ని లోహం మెరిసేదాకా శుభ్రం చేయకపోతే కొత్త హబ్ వంకరగా కూర్చుంటుంది. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, టార్క్ రెంచితో బిగించాలి.

ఏటవాలు రోలర్ల బేరింగ్ ఈ మూడింటిలో అతి పాతది. హెన్రీ టింకెన్ అమెరికాలో దానికి పేటెంట్ పొందింది 1898లో, బండి చక్రాల కోసమే. ఇందులో నొక్కే బలం గుండ్ల మీదికి వెళ్ళే అవకాశమే లేదు, ఎందుకంటే బయటి కప్పులు విడిగా ఉంటాయి, వాటిని హబ్‌లోకి విడిగానే దించుతాం. ఇక్కడ ఆయుష్షును నిర్ణయించేవి గ్రీజు, బిగింపు. గ్రీజును పైపైన పూయడం కాదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పాటి అంచును దానికి ఆనించి నొక్కుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలివైపుకు గ్రీజు ఉబికి వచ్చేదాకా చుట్టూ నింపాలి. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలపకూడదు, పూర్తిగా కడిగేయాలి. బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టును బిగించి రోలర్లను సర్దుకోనిచ్చి, వెనక్కి వదిలి, మళ్ళీ వేళ్ళతో మాత్రమే బిగించి పిన్ను వేయాలి. అక్షం వెంట 0.03 నుంచి 0.1 మిల్లీమీటరు వరకు ఊగే స్వేచ్ఛ ఇందులో తప్పు కాదు, అవసరం. సీలు బేరింగ్‌లో అలవాటైన చేతితో దీన్ని గట్టిగా బిగిస్తే కొంత దూరానికే కాలిపోతుంది.

సీలు బేరింగ్‌లో విషయం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. దాని లోపలి రింగు రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెంటినీ ఒకదానికొకటి నొక్కిపట్టి, లోపలి బిగుతును తయారీదారు అనుకున్న కొలతకు తెచ్చేది డ్రైవ్ షాఫ్ట్ నట్టే. అందుకే ఆ నట్టుకు 200 న్యూటన్ మీటర్లు, కొన్ని బండ్లలో అంతకంటే చాలా ఎక్కువ టార్క్ చెబుతారు. ఆ అంకె మన బండి మరమ్మతు పుస్తకం నుంచే రావాలి, పక్క బండి అంకె పనికిరాదు. నట్టు కొత్తదే వాడాలి. పూర్తి టార్క్ పడేవరకు బండి బరువు ఆ చక్రం మీదికి రాకూడదు, ఎందుకంటే రెండు ముక్కలు విడివడి ఉన్న స్థితిలో బరువు పడితే గుండ్లు గాడి అంచుల మీదికి ఎక్కి నొక్కులు పడతాయి. అంటే ప్రెస్ దగ్గర తప్పించుకున్న ప్రమాదాన్ని జాకీ దించేటప్పుడు కొనితెచ్చుకున్నట్టే. కనుక చక్రం గాలిలో ఉండగానే, లోపల ఒకరితో బ్రేకు తొక్కించి బిగించాలి. కుదుపు పానాతో బిగించి, టార్క్ రెంచితో టిక్కుమనిపించి సంతృప్తి పడటం కొలవడం కాదు. అప్పటికే ఎంత ఎక్కువ బిగిసిందో ఆ టిక్కు చెప్పదు.

బండి కదిలించేముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కాలి, లేకపోతే మొదటిసారి బ్రేకు కోసం కాలు పెట్టినప్పుడు పెడల్ నేలదాకా వెళ్ళిపోతుంది. స్ట్రట్ బోల్టులు తీసినవారు గుర్తులు సరిగ్గా కలిపినా అలైన్‌మెంట్ చూపించుకోవడం మంచిది. చక్రం నట్టులను కొద్ది దూరం నడిపాక మరోసారి టార్క్ రెంచితో సరిచూడాలి. రెండోవైపు బేరింగ్‌ను కూడా జతగా మార్చాలనే వాదన నాకు అంతగా ఒప్పుదల కాదు. బ్రేకు ప్యాడ్ల మాదిరిగా రెండు పక్కలా సమంగా ఉండవలసిన అవసరం బేరింగులకు లేదు, పనిచేస్తున్న బేరింగ్‌ను కదిలించకపోవడమే దానికి మేలు. వెడల్పాటి చక్రాలు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేసుకున్నవారి సంగతి వేరు. గుండ్ల బేరింగ్ ఆయుష్షు దాని మీది భారపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది, భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగ్‌ను వంచే బలం పెరుగుతుంది కనుక అలాంటి బండ్లలో రెండువైపులా ఒకేసారి పోతే ఆశ్చర్యం లేదు.

తీసిన పాత బేరింగ్‌ను చెత్తలో వేసేముందు బయటి రింగును గ్రైండర్‌తో కోసి తెరిచి చూడండి. గాడి అంతటా ఎర్రటి మరకలు, గ్రీజు పాలలా తెల్లబడి ఉండటం కనిపిస్తే సీలు దాటి నీళ్ళు వెళ్ళాయి. నీలం, గోధుమ రంగులు ఉంటే గ్రీజు ఎండిపోయి వేడెక్కింది. భారం మోసే దిగువ భాగంలో ఒకేచోట పెచ్చులు లేచి ఉంటే అది నిండు ఆయుష్షు గడిపి అలసిన లోహం. గాడి చుట్టూ గుండ్ల మధ్య దూరానికి సరిగ్గా సమానమైన ఎడంతో గుంటలు వరుసగా ఉంటే దెబ్బ చక్రం కదలకుండా ఉన్నప్పుడో, ఒక్క క్షణంలోనో తగిలిందన్నమాట. అవి భారం మోసే వైపున మాత్రమే ఉంటే గోతినో, రోడ్డు అంచునో అనుమానించాలి. చుట్టూ 360 డిగ్రీలా, గాడి ఒక భుజం మీద సమంగా ఉంటే మాత్రం ఆ బేరింగ్‌ను ఇంతకుముందు నొక్కినవారు ఆధారాన్ని తప్పు రింగు కింద పెట్టారు. కొత్తది పెట్టేముందు ప్రెస్ మీది కప్పులను మరోసారి సరిచూసుకోవాలి.